బాబాయ్ షెడ్డుకి వెబ్ అప్లికేషన్ కావాలా?

మొన్న వేసవి సెలవుల్లో మా బాబాయ్ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, దాని కింద వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బిడ్డా, ఇది జర చదివి చెప్పు. మనకు పనికొస్తదా? చిట్టి ఎత్తిన పైసలున్నయ్. శనివారం లోపల అడ్వాన్స్ ఇయ్యమంటున్నరు."

బాబాయ్‌కి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న షెడ్డు ఉంది. రెండు లేత్‌లు, ఒక సెకండ్ హ్యాండ్ వీఎంసీ, ఒక డ్రిల్లింగ్ మిషన్, నలుగురు మనుషులు. పెద్ద కంపెనీలు డ్రాయింగ్ పంపిస్తే బుష్‌లు, షాఫ్ట్‌లు, ఫ్లాంజ్‌లు జాబ్ వర్క్ మీద చేసిస్తాడు. పీడీఎఫ్ ఏంటంటే ఒక సాఫ్ట్‌వేర్ వాళ్ళ కొటేషన్. కస్టమర్ పోర్టల్, ఆర్డర్ ట్రాకింగ్, డ్యాష్‌బోర్డ్, రిపోర్టులు అన్నీ కలిపి 1,40,000 రూపాయలు. రెండో ఏడాది నుంచి మెయింటెనెన్స్ ఏడాదికి 28,000.

నిజం చెప్పాలంటే అది చదవగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన "ఇది బాబాయ్‌కి అవసరమా" అని కాదు. "ఇంత ఎందుకు, నేనే చేసిస్తా కదా" అని. అప్పుడే డీబీఎంఎస్ పరీక్ష రాసి వచ్చాను. రెజ్యూమేలో పెట్టుకోవడానికి ఒక నిజమైన ప్రాజెక్ట్, నిజమైన క్లయింట్, పైగా ఇంట్లో మనిషి! మన క్లాసులో సగం మంది ఫుల్ స్టాక్ కోర్సు చేస్తున్నారు, కాబట్టి మీకూ ఎప్పుడో ఒకప్పుడు మేనమామో, పక్కింటి అంకులో ఇదే ప్రశ్న అడుగుతారు. అప్పుడు మీరు నాలాగా తొందరపడకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే క్లబ్ వాళ్ళు దిద్దుతారు.

బోర్డు వేరు, కౌంటర్ వేరు

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. బాబాయ్ "వెబ్‌సైట్" అంటాడు, కొటేషన్‌లో "వెబ్ అప్లికేషన్" అని ఉంది, పిన్ని "యాప్" అంటుంది. ముగ్గురూ ఒకటే వస్తువు గురించి మాట్లాడుతున్నాం అనుకుంటాం కానీ కాదు.

వెబ్‌సైట్ అంటే షట్టర్ మీద పెట్టిన బోర్డు. ఎవరు చూసినా ఒకటే కనిపిస్తుంది: పేరు, అడ్రస్, ఏమేం చేస్తాం, ఫోన్ నంబర్. వెబ్ అప్లికేషన్ అంటే లోపలున్న కౌంటర్. వచ్చినవాళ్ళు ఎవరో అడుగుతుంది, వాళ్ళు చెప్పింది రాసుకుంటుంది, వాళ్ళకు సంబంధించిందే చూపిస్తుంది, ఒకరు చేసిన మార్పు ఇంకొకరికి కనిపించేలా చేస్తుంది. కౌంటర్ పెట్టాలంటే కూర్చునే మనిషి కావాలి, లెడ్జర్ కావాలి, తాళం కావాలి. బోర్డుకి అవేవీ అక్కర్లేదు. కొటేషన్లలో రేట్లు అంత తేడాగా ఉండేది కూడా ఇందుకే. మొబైల్ యాప్ సంగతి ఇంకా వేరు: అది ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి, ఏడాదికి రెండుసార్లు ఆర్డర్ ఇచ్చే కస్టమర్ ఎవరూ అంత ఓపిక చేయరు. 2015లో ఫ్లిప్‌కార్ట్ అంతటి కంపెనీయే ఫోన్ బ్రౌజర్‌లో యాప్‌లాగా నడిచే ఫ్లిప్‌కార్ట్ లైట్‌ని తెచ్చింది. మన షెడ్డుకి వేరే యాప్ ఎందుకు?

తమాషా ఏంటంటే బాబాయ్ ఇప్పటికే రోజూ వెబ్ అప్లికేషన్లు వాడుతున్నాడు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ పోర్టల్. 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్: యాభై వేలు దాటిన సరుకు బండి ఎక్కితే నంబర్ తీయాలి, దారిలో ఆఫీసర్ ఆపితే అదే నంబర్ కొట్టి చూస్తాడు. తిట్టుకుంటూనే వాడతాడు, కానీ వాడతాడు. అక్కడ వెబ్ అప్లికేషన్ ఎందుకు కుదిరింది? పంపేవాడు నాచారంలో, కొనేవాడు పూణేలో, బండి రోడ్డు మీద, ఆఫీసర్ చెక్‌పోస్ట్‌లో. నలుగురూ నాలుగు చోట్ల ఉన్నారు, నలుగురికీ ఒకటే నిజం ఒకే సమయంలో కనిపించాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన దగ్గరి మనిషి కథ

ఫణీంద్ర సామ పేరు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బిట్స్ పిలానీలో చదివిన తెలుగాయన, తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా కూడా పనిచేశారు. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఇంటికి రావడానికి ఆయనకు బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగినా లేదన్నారు. మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. ఇంతవరకు అందరూ చెప్పే స్టార్టప్ కథే.

నాకు నచ్చింది మధ్యలో జరిగిన సంగతి. వాళ్ళు మొదట అనుకున్నది టికెట్లు అమ్మాలని కాదు. ట్రావెల్స్ వాళ్ళకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చి, దానితో మీ సీట్ల లెక్క చూసుకోండి అని చెప్పాలని. ట్రావెల్స్ వాళ్ళు ఆసక్తి చూపించలేదు. వాళ్ళకు చార్ట్ ఉంది, పెన్ను ఉంది, ఫోన్ ఉంది. అప్పుడు రెడ్‌బస్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి, కొన్ని సీట్లు ఇవ్వండి, అమ్మిపెడతాం అన్నారు. అది కుదిరింది. తర్వాత అదే ట్రావెల్స్ వాళ్ళు సాఫ్ట్‌వేర్ కూడా తీసుకున్నారు.

ఎందుకంటే నొప్పి ట్రావెల్స్ ఆఫీసులో లేదు, ఆఫీసుకీ ఆఫీసుకీ మధ్య ఉంది. ఒకే బస్సులో సీట్లను కొన్ని ఈ ఏజెంట్‌కి, కొన్ని ఆ ఏజెంట్‌కి పంచేవాళ్ళు. ఒకరి దగ్గర "హౌస్‌ఫుల్" అంటే ఇంకొకరి దగ్గర నాలుగు సీట్లు ఖాళీగా ఉండొచ్చు. బస్సు బయల్దేరిందంటే ఆ ఖాళీ సీటు విలువ సున్నా, రేపు అమ్ముకోవడానికి ఉండదు. ఇది మన రైల్వే వాళ్ళకూ ఉన్న కష్టమే, 2002లో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్ వచ్చింది.

ఇది చదివాక నా ఉత్సాహం సగం దిగింది. బాబాయ్ షెడ్డులో నొప్పి ఎక్కడుందో నాకు తెలుసా? తెలీదు. బాబాయ్‌కి తెలుసా? కొటేషన్ రాసినవాళ్ళకు తెలుసా? వాళ్ళు షెడ్డుకి ఒక్కసారి వచ్చి, చాయ్ తాగి వెళ్ళారట.

ఆరు రోజుల లెక్క

సోమవారం నుంచి శనివారం దాకా ఒక నోట్‌బుక్ పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. ఉప్పల్ రింగ్ రోడ్ దాటి నాచారం చేరేసరికే సగం ప్రాణం పోయేది, అది వేరే సంగతి. పని ఒకటే: బాబాయ్ ఫోన్ మోగినా, బాబాయ్ చేసినా ఒక గీత గీయడం, దేనికోసమో పక్కన రాయడం.

ఆరు రోజుల్లో 63 కాల్స్. అందులో "మా జాబ్ ఎప్పుడవుతది" అనేవి 29. డ్రాయింగ్‌లో అనుమానాలు (ఈ టాలరెన్స్ ప్లస్సా మైనస్సా, మెటీరియల్ మీరు పంపుతారా మేం కొనాలా) 14. రేటు బేరాలు 9. మిగిలిన 11 బాబాయ్ చేసినవి, పాత బిల్లు డబ్బుల కోసం.

29 చూడగానే నేను ఎగిరి గంతేశాను. దాదాపు సగం కాల్స్ స్టేటస్ కోసమే! ట్రాకింగ్ పేజీ పెడితే అవన్నీ పోతాయి. సాయంత్రం బాబాయ్‌కి లెక్క చూపించాను. ఆయన కాసేపు చూసి నవ్వాడు.

"బిడ్డా, వాళ్ళు అడిగినప్పుడు నేనేం చెప్పిన్నో అది కూడ రాసినవా?"

రాశాను. "రేపు సాయంత్రం ఇస్త సార్." "మిషన్ మీదనే ఉంది సార్." "ఫినిషింగ్‌ల ఉంది."

"అందుల నిజంగ మిషన్ మీద ఎన్ని ఉన్నయ్?"

లోపలికి వెళ్ళి చూస్తే, ఆరోజు "మిషన్ మీదనే ఉంది" అన్న నాలుగు జాబ్‌లలో రెండు ఇంకా రాడ్ ముక్కలుగానే మూలన ఉన్నాయి. బాబాయ్ అబద్ధాలకోరు అని కాదు. ఒక కస్టమర్‌కి మిషన్ ఆగిపోయి అర్జెంట్ అంటే ఇంకొకరి జాబ్ ఆపి ఇతనిది ఎక్కిస్తాడు, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఆ సాయం చేశాడు. అందుకే వాళ్ళు ఈయన్ని వదలరు. ఆ ఫోన్ కాల్ సమాచారం కోసం కాదు. అది ఒక బేరం. ఎవరిది ఎంత అర్జెంటో, ఎవరిని ఒకరోజు ఆపొచ్చో బాబాయ్ గొంతు విని తెలుసుకుంటాడు. వాళ్ళ ముందు నేను "ఇంకా మొదలవలేదు" అని ఎర్ర అక్షరాల్లో చూపించే పేజీ పెడితే కాల్స్ తగ్గవు, పెరుగుతాయి. కొటేషన్‌లో ఉన్న "రియల్ టైమ్ పారదర్శకత" బాబాయ్ వ్యాపారానికి లాభం కాదు, నష్టం.

సరే, కస్టమర్లకు వద్దు, లోపల మన కోసమైనా ఉంటుంది కదా అని నేను ఊరుకోలేదు. అడ్వాన్స్ రెండు వారాలు ఆపించి, గూగుల్ షీట్ మీద ఒక చిన్న పేజీ కట్టి, ఒక్కో జాబ్ కార్డు మీద క్యూఆర్ కోడ్ అంటించాను. ఆపరేటర్ స్కాన్ చేసి "మొదలైంది", "అయిపోయింది" నొక్కాలి. అంతే. రెండు రోజులు బాగానే నొక్కారు, ఎందుకంటే నేను పక్కనే నిలబడ్డాను. మూడో రోజుకి క్యూఆర్ కాగితాలు కూలెంట్‌లో తడిసి మెత్తగా అయిపోయాయి. నలుగురిలో ఇద్దరు బీహార్ అన్నలు, నా పేజీ ఇంగ్లీష్‌లో ఉంది. చేతులకు నూనె, ఫోన్ జేబులో. ఒకతను హిందీలో చాలా మర్యాదగా చెప్పాడు: జాబ్ అయిపోయింది అని మాలిక్‌కి తెలియడానికి ఇది ఎందుకు, ఆయన నా వెనకాలే నిలబడి ఉంటాడు కదా అని.

నిజమే కదా. షెడ్డు మొత్తం ఒక చూపులో కనబడుతుంది. నలుగురు మనుషులు, ఒక యజమాని, పదకొండు మంది పాత కస్టమర్లు. నిజం ఒకే చోట ఉంది, చూడాల్సినవాడు కూడా అక్కడే ఉన్నాడు. అలాంటిచోట వెబ్ అప్లికేషన్‌కి పనే లేదు.

డబ్బు లెక్క కూడా వేశాను. 29 కాల్స్, ఒక్కోటి రెండు నిమిషాలు అనుకుంటే వారానికి గంట. ఏడాదికి యాభై గంటలు, మూడేళ్ళకు నూట యాభై. మూడేళ్ళ ఖర్చు 1,40,000, దానికి రెండుసార్లు 28,000 కలిపితే 1,96,000. అంటే అన్నీ అనుకున్నట్టు జరిగినా, మిగిల్చే ఒక్కో గంటకు దాదాపు 1,300 రూపాయలు. బాబాయ్ వీఎంసీ గంట రేటు 450. ఈ లెక్క వినగానే ఆయన ముఖం చూడాలి మీరు.

అడగని మనిషికి అవసరం

ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ రెండు వారాలూ నేను ఉన్నది పిన్ని దగ్గర. పిన్ని ఉప్పల్‌లో మెట్రో స్టేషన్‌కి నడిచే దూరంలో లేడీస్ హాస్టల్ నడుపుతుంది, 42 బెడ్లు. మెట్రో ఎక్కితే అమీర్‌పేట, రాయదుర్గం నేరుగా వెళ్ళొచ్చు కాబట్టి ఉద్యోగాలు చేసే అక్కలు, కోచింగ్ వాళ్ళు ఎప్పుడూ అడుగుతూనే ఉంటారు. రెండేళ్ళ కింద నాచారంలో ఇంకో బిల్డింగ్ లీజుకి తీసుకుంది, 30 బెడ్లు, అక్కడ వార్డెన్ అక్క ఉంటుంది. పిన్నికి కంప్యూటర్ అక్కర్లేదు. రెండు బిల్డింగులకు రెండు లాంగ్ రిజిస్టర్లు ఉన్నాయి.

ఒక రాత్రి అన్నం తింటుంటే పిన్ని ఎవరికో అడ్వాన్స్ వాపస్ ఇస్తూ ఫోన్‌లో సారీ చెప్తోంది. ఏంటంటే నాచారంలో ఒకే బెడ్‌ని పొద్దున పిన్ని ఒక అమ్మాయికి ఫోన్‌లో మాట ఇచ్చి డబ్బులు వేయించుకుంది, అదే గంటలో అక్క ఇంకో అమ్మాయి దగ్గర క్యాష్ తీసుకుంది. రెండో అమ్మాయి పెట్టెలతో సహా వచ్చేసింది. వాళ్ళ నాన్న ఖమ్మం నుంచి దింపడానికి వచ్చి రాత్రి ఏడింటికి గేటు దగ్గర నిలబడ్డాడు.

నాకు వెంటనే బస్సు సీటు గుర్తొచ్చింది. బెడ్ అంటే సీటే. ఖాళీగా పోయిన రోజు మళ్ళీ రాదు. అమ్మేవాళ్ళు ఇద్దరు, రెండు చోట్ల ఉన్నారు. పిన్నిని అడిగి రిజిస్టర్లు రెండూ ముందు పెట్టుకుని జనవరి నుంచి చూశాను. ఒకే బెడ్ ఇద్దరికి ఇచ్చింది రెండుసార్లు. అంతకంటే పెద్ద సంగతి పిన్నికి తెలియనే తెలియదు: ఒక బిల్డింగ్‌లో "ఫుల్" అని చెప్పి మనుషుల్ని పంపించేసిన రోజుల్లోనే ఇంకో బిల్డింగ్‌లో బెడ్ పది రోజులు ఖాళీగా ఉన్న సందర్భాలు ఐదు. బెడ్ నెలకు 6,500. యాభై రోజులంటే దాదాపు 10,800 రూపాయలు, ఆరు నెలల్లో. వచ్చి అడిగి వెళ్ళిపోయినవాళ్ళ గురించి రిజిస్టర్‌లో ఎవరూ రాయరు, అందుకే ఆ నష్టం కనిపించదు. వార్డెన్ అక్క తన కాల్ లిస్ట్ చూపించబట్టి నాకు దొరికింది.

ముందు గూగుల్ షీట్ పెట్టాం. ఎప్పుడూ అక్కడే మొదలుపెట్టండి, ఉచితం కాబట్టి. వారంలోనే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఇద్దరూ ఒకే గడిలో రాస్తే చివర రాసింది నిలుస్తుంది, మొదటి పేరు చప్పుడు లేకుండా పోతుంది. రెండు, అక్క ఒకరోజు పొరపాటున ఒక్క కాలమ్‌ని మాత్రమే అక్షరక్రమంలో సార్ట్ చేసింది. ముప్పై మంది అమ్మాయిలు ముప్పై వేరే బెడ్లకు మారిపోయారు. కానీ ఇద్దరూ షీట్ తెరవడం మానలేదు! బాబాయ్ షెడ్డులో నేను లేకపోతే ఎవరూ నొక్కలేదు. ఇక్కడ విరిగిపోయినా "అది మళ్ళీ ఎప్పుడు పెడతవ్" అని అడిగారు. నా దృష్టిలో దీనికంటే మంచి పరీక్ష లేదు.

అప్పుడు అప్లికేషన్ కట్టాను. మూడు శని, ఆదివారాలు పట్టింది. ఒకటే ముఖ్యమైన పేజీ: 72 బెడ్లు, ఆకుపచ్చ, ఎరుపు, మధ్యలో పసుపు. మొదటి వెర్షన్‌లో నేను చేసిన తప్పు మీరూ చేస్తారు, అందుకని చెప్తున్నా. "ఈ బెడ్ ఖాళీగా ఉందా" అని ముందు చూసి, ఉంటే తర్వాత బుకింగ్ రాసేలా కోడ్ రాశాను. చూడటానికి, రాయడానికి మధ్య చిన్న సందు ఉంటుంది కదా. నేను ఉప్పల్‌లో, అక్క నాచారంలో, ఫోన్‌లో "వన్ టూ త్రీ" అనుకుని ఒకేసారి నొక్కాం. నాలుగోసారికి ఇద్దరికీ "బుక్ అయింది" అని వచ్చింది. రిజిస్టర్‌లో ఉన్న జబ్బునే నేను కంప్యూటర్‌లోకి ఎక్కించాను, అంతే. క్లాసులో రేస్ కండిషన్ అని రెండు మార్కులకు రాసింది ఇదే. సరిచేయడం తేలిక: బెడ్ నంబర్ మీద, నడుస్తున్న బుకింగ్ ఒక్కటే ఉండాలి అని డేటాబేస్‌లోనే యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాలి. ముందు చూడటం మానేసి నేరుగా రాయాలి. ఇద్దరు ఒకేసారి వస్తే ఒకరిది నిలుస్తుంది, రెండోవాళ్ళకు "ఇప్పుడే నిండింది" అని వస్తుంది. కాపలా మన కోడ్ చేతిలో కాకుండా డేటాబేస్ చేతిలో ఉండాలి.

పసుపు రంగు పిన్ని పెట్టించింది. "అడ్వాన్స్ సాయంత్రం వేస్తా" అన్నవాళ్ళ కోసం రాత్రి తొమ్మిది దాకా బెడ్ ఆపాలి. తొమ్మిది దాటితే దానంతటదే ఆకుపచ్చ అవ్వాలి. అయితే ఊరి నుంచి అమ్మానాన్నలు చూడటానికి వస్తామంటే రెండు రోజులు ఆపుతుంది. ఎందుకు అంటే "వాళ్ళు బస్సెక్కి వస్తరు, వచ్చినంక లేదంటే ఎట్ల" అంది. ఖమ్మం నాన్న సంగతి ఆమెకు ఇంకా మనసులో ఉంది. ఆ రెండు రోజుల నియమం నాకు ఏ ట్యుటోరియల్‌లోనూ దొరికేది కాదు.

రాత్రి పదకొండుకి వచ్చిన స్క్రీన్‌షాట్

ఇప్పుడు రాయడానికి ఇష్టం లేని భాగం. మొదటి వెర్షన్‌లో ఒక్కో అమ్మాయికి ఒక పేజీ ఉండేది: పేరు, ఫోన్, ఇంటి అడ్రస్, ఆధార్ ఫోటో. లింక్ చివర్లో ఒక అంకె. గొప్పగా నా ఫ్రెండ్‌కి చూపించడానికి టెస్ట్ అకౌంట్ లింక్ పంపాను. తను రాత్రి పదకొండుకి స్క్రీన్‌షాట్ పంపింది. లింక్ చివర 17 తీసేసి 18 అని కొట్టిందట. ఇంకో అమ్మాయి పేజీ తెరుచుకుంది, ఆధార్‌తో సహా. పాస్‌వర్డ్ అడిగాను కానీ, లోపలికి వచ్చినవాళ్ళు ఏది చూడొచ్చు ఏది చూడకూడదు అని నేను ఎక్కడా తనిఖీ చేయలేదు.

లేడీస్ హాస్టల్ అండి అది. ఊళ్ళో అమ్మానాన్నలు పిన్నిని నమ్మి పంపించిన అమ్మాయిలు. రిజిస్టర్‌ని దొంగిలించాలంటే పిన్ని గది తాళం పగలగొట్టాలి. నా పేజీకి ఒక అంకె మార్చితే చాలు. వెబ్ భద్రత గురించి పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021 జాబితాలో మొట్టమొదటి ప్రమాదం ఇదే, యాక్సెస్ కంట్రోల్ సరిగా లేకపోవడం. 2023లో మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది. అవన్నీ నేను తర్వాత చదివాను. ఆ రాత్రి చేసింది మాత్రం సర్వర్ ఆపేసి, పొద్దునే పిన్నికి చెప్పడం. ఆమె తిట్టలేదు. "ఆధార్ ఎందుకు పెట్టినవ్ అందుల, నేనడిగిన్నా?" అంది. అడగలేదు. ఫోటో అప్‌లోడ్ చేసే ఫీచర్ కొత్తగా నేర్చుకున్నాను కాబట్టి పెట్టాను.

ఇప్పుడు అందులో బెడ్ నంబర్, మొదటి పేరు, ఏ తేదీ వరకు అనేవి తప్ప ఏమీ లేవు. అకౌంట్లు కూడా రెండే, పిన్నికి ఒకటి, అక్కకు ఒకటి. ఆధార్ కాపీలు బీరువాలో ఫైల్‌లో ఉన్నాయి, మునుపటిలాగే.

ఖర్చు సంగతి నిజాయితీగా చెప్పాలి. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి లోపు. సర్వర్ ఇప్పటికి ఉచిత ప్లాన్ మీద నడుస్తోంది, కాసేపు ఎవరూ తెరవకపోతే నిద్రపోతుంది, అక్క నొక్కితే లేవడానికి అర నిమిషం పడుతుంది. ఉచితం అంటే అంతే. నా కూలి సున్నా అని రాసుకున్నాం కానీ అది తప్పుడు లెక్క. ఇదే పని బయటవాళ్ళు నలభై వేలకు చేస్తే, ఏడాదికి మిగిలేది ఇరవై వేల చిల్లర కాబట్టి, తిరిగి రావడానికి రెండేళ్ళు. అప్పుడు పిన్ని కొనాలా? నేనైతే వద్దనే చెప్తాను. నెలకు కొంత కట్టి వాడుకునే రెడీమేడ్ హాస్టల్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిని చూడమంటాను. ఒక బిల్డింగే ఉండుంటే అదీ అక్కర్లేదు, రిజిస్టర్ చాలు. రెండో బిల్డింగ్ వచ్చిన రోజే ఆమెకు అవసరం పుట్టింది. నేను ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోతే దీన్ని ఎవరు చూస్తారు అనేదానికి నా దగ్గర ఉన్న జవాబు ఒకటే: ప్రతి ఆదివారం మొత్తం లిస్ట్ ప్రింట్ తీసి రిజిస్టర్‌లో అంటించే ఏర్పాటు. అప్లికేషన్ పోయినా వారం వెనక్కి పోతాం, అంతకంటే కాదు.

శనివారం

రెండు వారాల తర్వాత శనివారం కొటేషన్ వాళ్ళు షెడ్డుకి వచ్చారు. బాబాయ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుంది? వాళ్ళ పేరు మీదట. మెయింటెనెన్స్ కట్టడం ఆపేస్తే మా డేటా మాకు ఎక్సెల్‌లో ఇస్తారా? అది "ప్యాకేజీలో లేదు". ఇలాంటి లేత్ షెడ్డుకి ఇదివరకు పెట్టారా, వాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా? ఒక బట్టల షాపు పేరు చెప్పారు. అబద్ధం చెప్పలేదు, దాచలేదు, అడిగినదానికి జవాబిచ్చారు. బట్టల షాపుకి అది మంచిదే అయ్యుండొచ్చు. బాబాయ్ చాయ్ తెప్పించి, ఇప్పుడు వద్దు సార్ అని చెప్పాడు. నాకు మాత్రం లోపల కొంచెం బాధేసింది, ఎందుకంటే వచ్చినతను మన సీనియర్ల వయసే ఉంటాడు, ఎండలో బండి మీద వచ్చాడు.

చిట్టి డబ్బుల్లో కొంత పెట్టి పాత లేత్‌కి డిజిటల్ రీడవుట్ బిగించారు. ఒక్క పేజీ వెబ్‌సైట్ మాత్రం నేను చేసిచ్చాను, బోర్డు లాంటిదే: ఏయే మిషన్లు ఉన్నాయి, ఎంత సైజు దాకా చేయగలరు, మ్యాప్, ఫోన్ నంబర్. ఒక సాయంత్రం పని. డొమైన్ బాబాయ్ పేరు మీదే తీశాను. అది చూసి చర్లపల్లి నుంచి ఒక కొత్త కస్టమర్ ఫోన్ చేశాడు. పోర్టల్ ఉందా అని అడగలేదు, "మీ దగ్గర 400 డయా పడుతదా" అని అడిగాడు.

స్టేటస్ కోసం గోడకి ఒక వైట్ బోర్డు తగిలించాం. జాబ్ నంబర్, ఏ మిషన్, ఎప్పటికి అని ఆపరేటర్లే హిందీలో రాస్తారు, కూలెంట్ పడినా తుడుచుకుంటారు. కస్టమర్ ఎవరైనా గేటు దగ్గర బండి దిగితే బాబాయ్ వెళ్ళి ముందు ఆ బోర్డుని గోడవైపు తిప్పుతాడు. ఆయన లాగిన్ సిస్టమ్ అది.